ఒక్క దేశం ఫండుకు ఫ్యాక్ట్‌షీటు కొలత చాలదు

ఒకే దేశపు షేర్లలో మదుపు చేసే మ్యూచువల్ ఫండును అంచనా కట్టడానికి బాగా వాడుకలో ఉన్న పద్ధతి ఒకటుంది. జోరుగా ఎదుగుతున్న దేశాన్ని ముందు ఎంచుకోవాలి. ఆ దేశపు ఫండ్లలో మూడేళ్ళ, ఐదేళ్ళ రాబడి బెంచ్‌మార్క్‌ను దాటినదాన్ని పట్టుకోవాలి. స్టాండర్డ్ డీవియేషన్ తక్కువగా, ఊగిసలాటతో పోల్చి రాబడిని కొలిచే షార్ప్ రేషియో ఎక్కువగా ఉంటే నష్టభయం అదుపులో ఉన్నట్టే. నక్షత్రాల రేటింగులు, డిస్ట్రిబ్యూటర్ల సలహాలు, పత్రికల్లోని మదుపు పేజీలు చాలావరకు ఈ వరసలోనే నడుస్తాయి. సొంత దేశపు లార్జ్‌క్యాప్ ఫండ్లను ఒకదానితో ఒకటి పోల్చడానికి ఇది కొంత పనికొస్తుంది. పరాయి దేశమొకదానికే కట్టుబడిన ఫండు దగ్గరకు వచ్చేసరికి మాత్రం ప్రతి మెట్టులోనూ దారి తప్పిస్తుంది. అలాంటి ఫండు రాబడిలో సింహభాగం ఆ దేశపు మార్కెట్టు, ఆ దేశపు కరెన్సీ తెచ్చిపెట్టేవే. ఫ్యాక్ట్‌షీటు కొలతలేమో ఆ దేశం లోపల మేనేజరు ఏం చేశాడన్నదాన్ని కొలవడానికి పుట్టాయి. చెరువు నిండి పడవ పైకి లేస్తే పడవవాణ్ణి మెచ్చుకోవడం లాంటి పొరపాటు ఇక్కడ జరుగుతుంది.

మొదటి మెట్టు నుంచే చూడాలి. ఆర్థిక వ్యవస్థ వేగంగా పెరిగితే షేర్లూ అంతే వేగంగా పెరుగుతాయన్నది వినడానికి సహజంగా ఉంటుంది. చరిత్ర దాన్ని బలపరచదు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయ ఆచార్యుడు జే రిట్టర్ 2005లో ప్రచురించిన పరిశోధనలో 16 దేశాల 1900–2002 మధ్య లెక్కలను పరిశీలించాడు. తలసరి జీడీపీ వృద్ధికీ షేర్ల నిజ రాబడికీ మధ్య సహసంబంధం మైనస్ 0.37గా తేలింది. అంటే వేగంగా ఎదిగిన దేశాల మదుపరులు సగటున ఎక్కువ సంపాదించకపోగా, కాస్త తక్కువే సంపాదించారు. దీనికి చైనాను మించిన ఉదాహరణ లేదు. 1992 నుంచి 2022 వరకు 30 ఏళ్ళలో డాలర్లలో చైనా జీడీపీ సుమారు 40 రెట్లయింది. 1992 చివర 100 దగ్గర మొదలైన ఎంఎస్‌సీఐ చైనా సూచీ, డివిడెండ్లు కలపకుండా చూస్తే, 2022 చివరికి ఆ 100 కంటే కిందే ఉంది.

ఇందులో వింతేమీ లేదు. దేశం సృష్టించే సంపద అంతా స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీల పాత వాటాదారులకు చేరదు. కొంత జీతాలకు పోతుంది, కొంత ప్రభుత్వానికి, కొంత ఇంకా లిస్ట్ కాని వ్యాపారాలకు. లిస్టయిన కంపెనీలు ఏటా కొత్త షేర్లు జారీ చేస్తుంటే కంపెనీ లాభం పెరిగినా ఒక్కో షేరుకు దక్కే లాభం అంతగా పెరగదు. చైనాలో జరిగింది ఎక్కువగా ఇదే. ప్రభుత్వ యాజమాన్యంలోని బ్యాంకు విదేశీ వాటాదారు లాభం కోసమే అప్పులిస్తుందనుకోవడం మరీ అమాయకత్వం. అన్నిటికీ మించి, ఎదుగుదల అందరికీ కనిపిస్తున్నప్పుడు దాని ఖరీదు ముందే షేరు ధరలో కలిసిపోయి ఉంటుంది.

ధర ఎంత ముఖ్యమో జపాన్ చూపించింది. 1989 డిసెంబరు 29న నిక్కీ 225 సూచీ 38,915.87 వద్ద ముగిసింది. అప్పటికి జపాన్ షేర్లు తమ లాభాలకు 60 రెట్ల ధర పలుకుతున్నాయి. ఆ తర్వాత జపాన్ కంపెనీలు మూతపడలేదు, దేశం దివాలా తీయలేదు, కార్లూ యంత్రాలూ ప్రపంచమంతా అమ్ముడవుతూనే ఉన్నాయి. నిక్కీ మాత్రం 2009 మార్చి 10న 7,054.98కి దిగి, పాత శిఖరాన్ని 2024 ఫిబ్రవరి 22న గాని దాటలేదు. మార్కెట్టును మరింత విస్తృతంగా కొలిచే టోపిక్స్ సూచీకి 2024 జులై దాకా పట్టింది. 1989 చివర ఏ జపాన్ ఫండు ఫ్యాక్ట్‌షీటు తిరగేసినా ఐదేళ్ళ రాబడి కళ్ళు చెదిరేలా ఉండేది. వెనకటి రాబడి గొప్పగా కనిపించిందంటే, అప్పటికే షేర్లు ఖరీదెక్కాయనడానికి అది గుర్తు కూడా కావచ్చు. దేశం ఫండ్లను సంస్థలు తెచ్చే సమయమూ ఈ అనుమానానికే బలమిస్తుంది. చైనా షేర్లు శిఖరం చేరిన 2021 తొలి నెలల్లోనే చైనా పేరుతో కొత్త పథకం భారత మదుపరుల ముందుకు వచ్చింది. తైవాన్ పథకం 2021 ఆఖరులో వచ్చింది. 2022లో తైవాన్ ప్రధాన సూచీ 22 శాతం పడింది. గిరాకీ ఉన్నప్పుడే సరుకు తేవడం వ్యాపార ధర్మం. ఆ గిరాకీ పుట్టేది వెనకటి మూడేళ్ళ రాబడి పట్టిక నుంచి.

రెండో మెట్టు రాబడి లెక్క. ‘జపాన్ ఫండు ఎంత సంపాదించింది?’ అన్న ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు. 2013 సంవత్సరం తీసుకుంటే విషయం తేటపడుతుంది. షింజో అబే ప్రభుత్వం, జపాన్ కేంద్ర బ్యాంకు కలిసి డబ్బు సరఫరాను భారీగా పెంచిన ఏడాది అది. నిక్కీ 10,395 నుంచి 16,291కి చేరింది: దాదాపు 57 శాతం లాభం. అదే ఏడాది డాలరుకు 87 యెన్ల దగ్గరున్న మారకం 105 యెన్లకు జారింది. డాలర్లలో లెక్క చూసుకునే మదుపరికి ఆ 57 శాతంలో మిగిలింది 29 శాతం చిల్లర. భారతీయ మదుపరి సంగతి మళ్ళీ వేరు. ఆ ఏడాది రూపాయి కూడా డాలరుకు 55 నుంచి 61.80కి పడింది కాబట్టి యెన్ విలువ రూపాయల్లో తగ్గింది ఏడెనిమిది శాతమే. చేతికి వచ్చేది 45 శాతం దాకా. ఒకే షేర్లు, ఒకే ఏడాది, మూడు జవాబులు. యెన్ పతనానికి ముందే హెడ్జింగ్ (మారకం నష్టం తగలకుండా రక్షణ) చేసుకున్న ఫండు, చేసుకోని ఫండు అమెరికాలో పక్కపక్కనే అమ్ముడయ్యేవి. పట్టికలో హెడ్జింగ్ ఉన్నది ఎంతో ముందుంది. దాని మేనేజరుకు జపాన్ కంపెనీల గురించి అదనంగా తెలిసిందేమీ లేదు.

రూపాయి మదుపరిని ఈ లెక్క ఎక్కువగా మోసగించేది పొగడ్త రూపంలో. విదేశీ ఫండు రాబడిలో రూపాయి బలహీనత తెచ్చిన భాగం ఎప్పుడూ మేనేజరు ఖాతాలోకే పోతుంది. ఉదాహరణకు 1989 చివర ఒక భారతీయుడు జపాన్ సూచీని కొనగలిగాడనే అనుకోవాలి. అప్పటి విదేశీ మారక నిబంధనలు ఒప్పుకునేవి కావు, లెక్క కోసమే ఈ ఊహ. 34 ఏళ్ళకు సూచీ ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చింది. ఈలోపు డాలరుకు 17 రూపాయలున్నది 83 అయింది. యెన్ విలువ రూపాయల్లో 12 పైసల నుంచి 55 పైసలకు పెరిగింది. సొమ్ము నాలుగున్నర రెట్ల పైచిలుకు! ఏడాదికి లెక్కేస్తే నాలుగున్నర శాతం. ఆ కాలంలో సాదా బ్యాంకు డిపాజిట్ అంతకంటే చాలా ఎక్కువ ఇచ్చింది. రెట్లలో చెబితే గొప్పగా, ఏడాది శాతంలో చెబితే పేలవంగా ఉండే ఈ ఫలితంలో జపాన్ షేర్ల వాటా సున్నా, డివిడెండ్లు తప్ప.

ఇదే నాణేనికి రెండో వైపు అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ళకు తెలుసు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ ఇండియా ఫండు కొన్నవారు సెన్సెక్స్ లెక్కను చూసి సంతోషపడితే సరిపోదు. 2011లో సెన్సెక్స్ 24.6 శాతం పడింది. రూపాయి డాలరుకు 44.70 నుంచి 53 దాటడంతో డాలర్లలో నష్టం 36 శాతాన్ని దాటింది. రిటైరయ్యాక హైదరాబాదుకో విజయవాడకో తిరిగి వచ్చేవారికి 24.6 శాతమే అసలు నష్టం. పిల్లల చదువులూ ఇంటి కంతులూ అమెరికాలోనే తీర్చాల్సినవారికి అసలు నష్టం 36. అంటే ఫండు రాబడీ నష్టభయమూ ఫండులోనే ఇమిడి ఉండే గుణాలు కావు. డబ్బు చివరికి ఏ కరెన్సీలో ఖర్చవుతుందన్నదాన్ని బట్టి అవి మారతాయి. ఏ నక్షత్రాల రేటింగుకూ ఆ సంగతి తెలిసే అవకాశం లేదు.

ఇక బెంచ్‌మార్క్‌ను దాటడం. మేనేజరును కొలవడానికే అయినా ఈ పోలిక కనిపించినంత సూటిగా ఉండదు. జపాన్‌నే తీసుకుంటే నిక్కీ షేరు ధరల మీద ఆధారపడిన సూచీ. అందులో షేరు ధర ఎక్కువున్న కంపెనీకి పెద్దపీట. అందువల్లే యూనిక్లో దుస్తుల దుకాణాలు నడిపే ఫాస్ట్ రిటైలింగ్ తన మార్కెట్ విలువకు పొంతన లేనంతగా సూచీని కదిలిస్తుంది. టోపిక్స్ మార్కెట్ విలువను బట్టి నడుస్తుంది. ఒకే మేనేజరు ఒకదానితో పోలిస్తే గెలిచి, రెండోదానితో పోలిస్తే ఓడిపోవచ్చు. తైవాన్‌లో చిక్కు మరో రకం. టీఎస్‌ఎంసీ అనే ఒక్క చిప్ కంపెనీ 2024 నాటికి ఆ దేశపు ప్రధాన సూచీలో మూడో వంతును మించిపోయింది. అమెరికా పన్ను నిబంధనల ప్రకారం ఫండు ఆస్తుల్లో ఒక్క కంపెనీ 25 శాతానికి మించకూడదు. 5 శాతం దాటినవన్నీ కలిపి 50 శాతం మించకూడదు. టీఎస్‌ఎంసీ పరుగు తీసిన ఏడాది అక్కడి తైవాన్ ఫండు సూచీ కంటే వెనకబడితే అది చట్టం చేసిన పని. ఆ కంపెనీ పడిన ఏడాది ఫండు ముందుంటే, అదీ అంతే. పన్నుల సంగతి కూడా ఇలాంటిదే. విదేశం నుంచి భారత షేర్లు కొన్న ఫండు అమ్మినప్పుడు మన దేశంలో మూలధన లాభాల పన్ను కట్టాలి: 2024 జులై 23 నుంచి దీర్ఘకాలికానికి 12.5 శాతం, స్వల్పకాలికానికి 20 శాతం. సూచీ ఈ పన్ను కట్టదు. ఫండు ఎన్‌ఏవీ (యూనిట్ నికర విలువ) కడుతుంది.

ఇవన్నీ సరిచేసి నిజమైన తేడా తేల్చినా, మూడేళ్ళ లెక్క ఏమీ రుజువు చేయదు. సూచీ కంటే ఏటా సగటున 2 శాతం ఎక్కువ తెచ్చే నిజమైన నేర్పరి ఒకరున్నారనుకుందాం. ఆ తేడా ఏడాదికేడాది 6 శాతం అటూఇటూ ఊగుతుంది. చురుగ్గా షేర్లు ఎంచే ఫండుకు ఇది ఎక్కువేమీ కాదు. ఆ 2 శాతం అదృష్టం కాదని గణాంక శాస్త్రం మామూలుగా అడిగే స్థాయిలో చెప్పాలంటే ఎన్నేళ్ళ రికార్డు కావాలి? 6ను 2తో భాగించి, రెట్టింపు చేసి, వర్గం చేస్తే 36 ఏళ్ళు. అన్నేళ్ళు ఒకే కుర్చీలో కూర్చునే ఫండు మేనేజర్లు ఉండరు. మూడేళ్ళకు ఐదు నక్షత్రాలిచ్చే రేటింగు ఏ శైలి షేర్లు ఆ మూడేళ్ళలో కలిసొచ్చాయో చెబుతుంది, అంతకు మించి చెప్పదు.

ఈ పద్ధతిలో అన్నిటికంటే ప్రమాదకరమైన భాగం నష్టభయాన్ని స్టాండర్డ్ డీవియేషన్‌కు కుదించడం. నెలనెలా ఎన్‌ఏవీ ఎంత ఊగిందో ఆ అంకె చెబుతుంది. ఒక్క దేశంలో డబ్బు పెట్టినవాణ్ణి నిజంగా ముంచేది ఆ ఊగిసలాట కాదు. 2021 అక్టోబరులో మాస్కో ఎక్స్ఛేంజీ సూచీ రికార్డు స్థాయిలో ఉంది. చమురు ధరలు బాగున్నాయి, డివిడెండ్లు దండిగా వస్తున్నాయి, షేర్లు చౌక. కొలతలన్నీ అనుకూలంగా ఉన్నాయి. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద దాడి మొదలైంది. 28 నుంచి మాస్కోలో షేర్ల ట్రేడింగ్ ఆగింది. మార్చి 2న ఎంఎస్‌సీఐ తన సూచీల నుంచి రష్యాను తొలగిస్తున్నట్టు, అదీ దాదాపు సున్నా ధరకు, ప్రకటించింది. మార్చి 4న అమెరికాలో వానెక్ రష్యా ఈటీఎఫ్ ట్రేడింగ్ నిలిచిపోయింది. తర్వాత అది మూసివేత దారి పట్టింది. మార్చి 24న మాస్కో మార్కెట్టు పాక్షికంగా తెరుచుకున్నప్పుడు విదేశీయులకు అమ్మే వీలు లేదు. గాజ్‌ప్రోమ్ ఉంది, స్బెర్ బ్యాంకు ఉంది, వాటికి లాభాలూ ఉన్నాయి. విదేశీ ఫండులోని వాటాదారుకు మాత్రం వాటి విలువ శూన్యం. ఈ దెబ్బ పడటానికి ముందునాటి 36 నెలల స్టాండర్డ్ డీవియేషన్‌లో దీని జాడ ఎక్కడా ఉండదు. ఇంకో విడ్డూరం: మార్కెట్టు మూతపడ్డ నెలల్లో ఎన్‌ఏవీ కదలదు కనుక ఆ లెక్కలో ఫండు ప్రశాంతంగా ఉన్నట్టే కనబడుతుంది.

రష్యా మినహాయింపని కొట్టిపారేయడం తేలిక. 1998 సెప్టెంబరు 1న మలేసియా పెట్టుబడులపై నియంత్రణలు విధించి, విదేశీ మదుపరులు షేర్లు అమ్మగా వచ్చిన సొమ్మును ఏడాది పాటు దేశం దాటించకూడదంది. మర్నాడు రింగిట్‌ను డాలరుకు 3.80 దగ్గర కట్టేసింది. ఆ సొమ్ము పోలేదు, ఇరుక్కుంది. 1999 ఫిబ్రవరిలో నిషేధం స్థానంలో పన్ను వచ్చింది. అప్పుడు డబ్బు అవసరమైనవారికి ఈ తేడా పెద్ద ఊరటేమీ ఇచ్చి ఉండదు. ఇంకా వెనక్కి వెళితే 1917 తర్వాత రష్యాలో, 1949 తర్వాత చైనాలో షేర్ల మార్కెట్లు పూర్తిగా తుడిచిపెట్టుకుపోయాయి. ప్రపంచమంతా విస్తరించిన ఫండుకు ఇలాంటిది ఒక గాయం. ఒకే దేశం ఫండుకు ఇదే అంతం.

సూచీ కదలికకు ఫండు ఎంత కదులుతుందో చెప్పే బీటా విషయంలో జరిగే పొరపాటు చిన్నదే గానీ తరచుగా కనిపిస్తుంది. విదేశీ ఫండుకు సొంత దేశపు సూచీతో బీటా లెక్కకట్టి 0.5 వస్తే, మార్కెట్టు కంటే సగం నష్టభయమే ఉందని చదువుతారు. ఫండు కదలికలో ఎంత శాతం ఆ సూచీతో ముడిపడిందో చెప్పే ఆర్-స్క్వేర్డ్ పక్కనే 20, 30 దగ్గర ఉంటే ఆ బీటాకు అర్థం ఒక్కటే: ఈ ఫండు వేరే తాళానికి ఆడుతోంది. అది ఎంత ఎత్తుకు ఎగిరి ఎంత లోతుకు పడుతుందో ఆ అంకె చెప్పదు. వేరే తాళమే కదా మదుపులో వైవిధ్యానికి కావలసింది అనే వాదన నిలబడేదే, సగం వరకు. కష్టకాలంలో తాళాలన్నీ కలిసిపోతాయి. 2008లో అమెరికా ఎస్ అండ్ పీ 500 సూచీ 38 శాతం, నిక్కీ 42 శాతం, సెన్సెక్స్ 52 శాతం పడ్డాయి. దశాబ్దాల లెక్కలో దేశాల దారులు నిజంగానే విడిపోతాయి. 1990లలో అమెరికా ఎగిసి జపాన్ కుంగినట్టు. అలా విడిపోయే గుణం ఎన్నో దేశాలను కలిపి పట్టుకున్నవారికి రక్షణ. ఒకే దేశాన్ని పట్టుకున్నవారికి పందెం.

యాభై, వంద కంపెనీలున్నాయి కాబట్టి ఫండులో వైవిధ్యం ఉన్నట్టేనన్న మాట కూడా దేశాన్ని బట్టి కూలిపోతుంది. 2000లో హెల్సింకి ఎక్స్ఛేంజీ మొత్తం విలువలో నోకియా ఒక్కటే సగానికి చాలా పైన ఉండేది. ఫిన్లాండ్ ఫండు కొన్నవారు తెలియకుండానే ఒక ఫోన్ల కంపెనీని కొన్నారు. ఎన్ని షేర్లున్నాయని లెక్కపెట్టడం మాని, మొదటి ఐదింటి వాటా ఎంత, అవి ఒకే పరిశ్రమ మీద బతుకుతున్నాయా అని చూస్తే గంటల కొద్దీ గణాంకాలు చెప్పలేనిది తెలిసిపోతుంది.

ఎక్స్ఛేంజీలో ట్రేడయ్యే ఫండ్లకు ఇంకో పొర ఉంది: ఫండు ధరకూ దాని ఎన్‌ఏవీకీ మధ్య తేడా. 1980లలో న్యూయార్క్‌లో లిస్టయిన, యూనిట్ల సంఖ్య మారని క్లోజ్డ్ ఎండ్ దేశ ఫండ్లు దీనికి పాఠశాల. స్పెయిన్ ఫండు 1989లో తన చేతిలోని షేర్ల విలువకు రెట్టింపు పైన పలికింది. అవే స్పానిష్ షేర్లు మాడ్రిడ్‌లో సగం ధరకు దొరుకుతుండగా. బోడర్తా, కిమ్, లీ అనే పరిశోధకులు 1995లో తేల్చినదేమిటంటే, ఈ ప్రీమియంలు ఆయా దేశాల సంగతులతో కాక అమెరికా మదుపరుల మనోభావాలతో కలిసి ఊగుతాయని. ఇందులో పరాకాష్ఠ 2014 డిసెంబరు 17 నాటిది. క్యూబాతో సంబంధాలు పునరుద్ధరిస్తామని నాటి అమెరికా అధ్యక్షుడు ఒబామా ప్రకటించారు. అప్పట్లో నాస్‌డాక్‌లో ‘క్యూబా’ అనే గుర్తుతో ట్రేడయిన హెర్జ్‌ఫెల్డ్ కరీబియన్ బేసిన్ ఫండు అప్పటిదాకా ఎన్‌ఏవీ కంటే 10–15 శాతం తక్కువకు దొరికేది. రోజుల్లోనే 70 శాతం ప్రీమియంకు చేరింది. ఆ ఫండులో క్యూబా షేరు ఒక్కటి కూడా లేదు. ఉండే అవకాశమూ లేదు, అమెరికా ఆంక్షలు అలాంటివి. మనకు ఇది దూరపు కథేమీ కాదు. విదేశీ షేర్లలో మన మ్యూచువల్ ఫండ్లన్నీ కలిపి పెట్టగలిగే మొత్తానికి 700 కోట్ల డాలర్ల పరిమితి ఉంది. 2022 జనవరి చివర ఆ గీత దగ్గరపడగానే కొత్త పెట్టుబడులు ఆపమని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చెప్పింది. విదేశీ ఈటీఎఫ్‌ల పరిమితి విడిగా 100 కోట్ల డాలర్లు. కొత్త యూనిట్లు పుట్టే దారి మూసుకుపోవడంతో అమెరికా సూచీల ఈటీఎఫ్‌లు మన ఎక్స్ఛేంజీల్లో ఎన్‌ఏవీ మీద గణనీయమైన ప్రీమియంతో చేతులు మారాయి. ప్రీమియంతో కొన్నవారి ఏడాది రాబడి, ఫ్యాక్ట్‌షీటులోని ఏడాది రాబడి ఒకటి కావు.

ఇంతా విన్నాక పాత పద్ధతి పక్షం వహించేవారు ఒక మాట అంటారు: ఎన్ని లోపాలున్నా అంకెలు లేకుండా అంచనా ఎలా? అంకెలు వద్దని ఎవరూ అనడం లేదు. ఏ అంకెలన్నదే ప్రశ్న. రాబడిని స్థానిక కరెన్సీలో మార్కెట్టు ఇచ్చినది, మారకం రేటు కలిపింది లేదా తీసింది, ఖర్చులూ పన్నులూ పోగా మేనేజరు చేర్చింది అని మూడుగా విడదీయడానికి కావలసినవన్నీ అందుబాటులోనే ఉంటాయి: డివిడెండ్లు కలిపిన సూచీ స్థానిక కరెన్సీలో, అదే సూచీ రూపాయల్లో, ఫండు ఎన్‌ఏవీ. పది నిమిషాల పని. డివిడెండ్లు కలిపిన సూచీతోనే పోల్చాలని సెబీ 2018 ఫిబ్రవరి నుంచి మన ఫండ్లకు నియమం పెట్టింది. విడదీసి చూపమని మాత్రం అడగదు. నష్టభయానికి స్టాండర్డ్ డీవియేషన్ బదులు ఆ దేశపు మార్కెట్టు చరిత్రలో అతి పెద్ద పతనం ఎంత, కోలుకోవడానికి ఎన్నేళ్ళు పట్టింది, ప్రస్తుతం లాభాలకు ఎన్ని రెట్ల ధర పలుకుతోంది, విదేశీ పెట్టుబడి బయటికి వెళ్ళే దారిని ఆ ప్రభుత్వం ఎప్పుడైనా మూసిందా అన్నవి అడగాలి. వీటికి నక్షత్రాలివ్వడం కష్టం, అందుకే పట్టికల్లో కనిపించవు.

ఆఖరుది పరిమాణం. ఒక్క దేశం ఫండు విడిగా ఎంత ఊగుతుందన్నది, అది మొత్తం మదుపులో ఎంత భాగమో తెలియకుండా అర్థం లేనిది. మొత్తంలో 5 శాతం పెట్టినవారికి జపాన్ తరహా 80 శాతం పతనం 4 శాతం నష్టం. రష్యా తరహా శూన్యం 5 శాతం. 40 శాతం పెట్టినవారికి అవే 32, 40. అమెరికాలో ఉద్యోగం, అమెరికా కంపెనీ షేర్లుగా వచ్చే జీతభాగం, అమెరికా ఇల్లు ఉన్నవారు మళ్ళీ అమెరికా ఫండే కొంటే వారి వాటా పోర్ట్‌ఫోలియో స్టేట్‌మెంటు చూపే అంకెకంటే చాలా పెద్దది. హైదరాబాదులో ఉంటూ అమెరికా కంపెనీ జీతం మీద బతికేవారికీ ఇది కొంత వర్తిస్తుంది. ఈ వాటాను ఫండు సంస్థ లెక్కకట్టలేదు, రేటింగు సంస్థ లెక్కకట్టలేదు. ఫ్యాక్ట్‌షీటులో దానికి గడే లేదు.